పాత కారుకు కొత్త పూత

రాయచూరు కోట చూసినవారికి అక్కడి పొడవాటి శాసనపు రాయి గుర్తుండే ఉంటుంది. కాకతీయుల కాలంలో, 1294లో, విఠలనాథుడు ఈ కోట కట్టించిన సంగతి తెలుగులో చెక్కిన రాయి అది. పొడవు నలభై అడుగులకు పైమాటే. అంత రాతిని బండి మీదికి ఎక్కించి, పశువుల జతలు కట్టి లాగించుకొచ్చిన వైనాన్ని కూడా ఆ గోడ మీదే బొమ్మగా చెక్కారు. కట్టించినవారి పేరుతో పాటు మోసిన బండికి కూడా గోడ మీద చోటిచ్చిన ఊరు మనది!

అందుకేనేమో, మన జిల్లాలో చాలా ఇళ్లలో పాత బండిని తూకానికి అమ్మడానికి మనసొప్పదు. క్యాంపుల్లో చూడండి. పశువుల కొట్టంలోనో, వేపచెట్టు కిందనో, టార్పాలిన్ కప్పుకుని ఒక జీపో, అంబాసిడరో కనిపిస్తుంది. ఈ మధ్య వాటిని బాగు చేయించే సరదా పెరిగింది. రంగు వేయిస్తున్నారు, సీట్లు కుట్టిస్తున్నారు, బంపర్లకు మెరుగు పెట్టిస్తున్నారు. ఇవన్నీ కంటికి కనబడే పనులు. కంటికి కనబడని పని ఒకటుంది. ఇంజను వేడి, ఎండ వేడి, రేకుల మోత లోపలికి రాకుండా రేకు మీద వేసే పూత. మా ఇంటి కారుకు ఆ పని చేయించినప్పుడు తెలుసుకున్న సంగతులు సభ్యులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ని. ఇంజనీరును కాను. కాబట్టి ఎవరేం చెప్పినా లెక్క కుదిరితేనే నమ్మాను.

కారుకు పని పడిన కారణం

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ నీళ్లు గంగావతి, సింధనూరు, మాన్వి వైపు పారిన తర్వాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు ఇక్కడికి వచ్చి భూములు కొన్నాయి, క్యాంపులు కట్టుకున్నాయి. మా నాన్నగారూ అలా వచ్చినవారే. రెండు పంటలు బాగా పండిన ఏడాది, 1972 మోడల్ అంబాసిడర్ మార్క్-2 కారును సెకండ్ హ్యాండులో కొన్నారు. అది పేరుకే మా కారు. క్యాంపులో ఎవరికి నొప్పులు వచ్చినా, ఎవరిని పాము కరిచినా, ఏ ఇంట పెళ్లికూతుర్ని సాగనంపాలన్నా అదే కదిలేది. ఆ కారులో ఆసుపత్రికి వెళ్లి క్షేమంగా పుట్టినవాళ్లు ఇప్పుడు పిల్లల తండ్రులయ్యారు.

నాన్నగారు పోయాక కారు కొట్టంలో చేరింది. తూకానికి ఇచ్చేద్దామని మా తమ్ముడు, ఇంజను మార్చి ఏసీ పెట్టిద్దామని మా బావమరిది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆమెకు ఎనభై రెండేళ్లు. రెండు చెవులకూ మిషన్లున్నాయి. ఆ మిషను మాటనూ పెంచుతుంది, మోతనూ పెంచుతుంది. ఒకసారి అదే కారులో మంత్రాలయం తీసుకువెళ్దామని అడిగితే ఆమె అన్నమాట ఇది:

"ఎండ నాకు కొత్త కాదురా అబ్బాయ్. కానీ అందులో కూచుంటే మీ పెదవులు ఆడటమే కనిపిస్తుంది, మాట వినిపించదు. పలకరింపు లేని ప్రయాణం నాకెందుకు? మీరు వెళ్లి రండి."

రాయచూరు నుంచి మంత్రాలయం నలభై అయిదు కిలోమీటర్లే. ఆ కాస్త దూరం కూడా అమ్మ మాతో రానంటోంది. కారు నిలుస్తుందా, పోతుందా అన్నది ఇంజను మీద కాదు, లోపల కూర్చున్నవారి మాట ఒకరికొకరికి వినబడటం మీద ఆధారపడిందని అప్పుడు అర్థమైంది.

ఇది వింటేజ్ కారేనా?

పాశ్చాత్యుల లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 వరకు తయారైన కార్లు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం ప్రభువుల రోల్స్ రాయిస్ ఇంకా పాతది. మన దేశంలో 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండి వింటేజ్ కిందకు వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా ఆ రిజిస్ట్రేషన్ తీసుకోవడానికి 20,000 రూపాయల ఫీజు పెట్టారు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. అయితే ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, అలాంటి పనులకే తీయాలి. మాకు అమ్మను గుడికి తీసుకువెళ్లడం ముఖ్యం గనుక మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకున్నాం. ఏ దారిలో వెళ్లినా, ఇంజను మార్చకుండా ఉంచుకోవడమే మేలని ఇంట్లో తీర్మానం అయింది. మా బావమరిది మాత్రం కాస్త నొచ్చుకున్నాడు.

అంబాసిడర్ చరిత్ర చాలామందికి తెలిసిందే. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో తయారు చేశారు. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. మా దానిలో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. గట్టి రేకు, పెద్ద గది, మెత్తటి సీటు. అయితే ఇప్పటి కార్లలో ఉన్నంత రబ్బరు, నురుగు, పొరలు అందులో లేవు. నేల మీద తివాచీ కింద ఒక నారపట్టీ, కొన్నిచోట్ల తారు పూత. అంతే. యాభై ఏళ్లలో ఆ నారపట్టీ నీళ్లు తాగి చివికిపోయింది.

మోత ఎక్కడి నుంచి వస్తుంది?

కారులో వినబడేదంతా ఒకే మోత అనుకుంటాం. మా టింకరింగ్ మేస్త్రీ అలా అనుకోలేదు. రాయచూరులో నలభై ఏళ్లుగా రేకు పని చేస్తున్న పెద్దమనిషి ఆయన. తలుపు మీద, కప్పు మీద, నేల మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"సార్, ఇది మూడు రోగాలు. ఒక్క మందు పెడితే ఏం ఫాయిదా లేదు" అన్నాడు.

మొదటిది రేకు కంపనం. ఇంజను అదురుకు, రోడ్డు గతుకులకు వెడల్పాటి రేకు తప్పెటలా మోగుతుంది. మోగుతున్న కంచం మీద వేలు ఆనిస్తే ఏమవుతుంది? చప్పున నోరు మూస్తుంది. రేకుకు అతుక్కునే జిగురు లాంటి బరువైన పూతో, పట్టీయో ఆ వేలు చేసే పనే చేస్తుంది. కదలికను తనలోకి తీసుకుని కాస్తంత వేడిగా మార్చేస్తుంది. మృదంగం ఎడమ వైపు రవ్వముద్ద పెట్టగానే దాని గొంతు మందగించడం చూశాం కదా! రేకు మీద బరువు పడినా అంతే. అయితే రేకునంతా కప్పాల్సిన పని లేదు. వెడల్పాటి రేకు నడిమధ్యలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు కప్పినా కంపనం చాలావరకు తగ్గుతుంది. మిగతాదంతా అదనపు ఖర్చు, అదనపు బరువు.

రెండోది గాలిలో వచ్చే మోత. ఇంజను, సైలెన్సరు, టైర్ల చప్పుడు సందుల్లోంచి తిన్నగా లోపలికి వస్తుంది. దీనికి పూత పనిచేయదు, సందు మూయాలి. ఇంజనుకూ మన కాళ్లకూ మధ్య ఉన్న రేకు గోడలో వైర్లకు, కేబుళ్లకు, గేరు కడ్డీలకు చాలా రంధ్రాలుంటాయి. మా కారులో వాటి రబ్బరు బిళ్లలు ఎండి రాలిపోయాయి. రాత్రి పూట లోపల టార్చిలైటు వెలిగించి బయట నుంచి చూస్తే ఎక్కడెక్కడ వెలుగు కనిపించిందో అక్కడల్లా మోతకు దారి ఉన్నట్టే. తలుపులకు నా సొంత పరీక్ష ఒకటి పెట్టాను. చలానా కాగితం మధ్యలో పెట్టి తలుపు వేసి లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, ఊరికే జారి వస్తే మార్చాల్సిందే. నాలుగు తలుపులూ ఫెయిలయ్యాయి.

మూడోది లోపలికి వచ్చాక తిరుగాడే మోత. ఖాళీ గదిలో మాట ప్రతిధ్వనించినట్టు, ఉత్త రేకుల మధ్య చప్పుడు అటూ ఇటూ తగిలి పెద్దదవుతుంది. దీన్ని మెత్తటి దూది, గుడ్డ, నురుగు వంటివి పీల్చుకుంటాయి. పత్తి మిల్లులున్న ఊరిలో ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. బేళ్లు పేర్చిన గోడౌనులోకి వెళ్తే మన మాటే మనకు సన్నగా వినబడుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ మన రూపాయిల్లా కూడే లెక్క కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే గాని చెవికి 'సగం అయింది' అనిపించదు. అడ్డు గోడ బరువు రెట్టింపు చేసినా దక్కేది మహా అయితే 6 డెసిబెల్స్. కాబట్టి "పూత వేస్తే కారు నిశ్శబ్దం" అని ఎవరైనా చెబితే చిరునవ్వు నవ్వి ఊరుకోవడం మంచిది.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

మే నెలలో రాయచూరులో 40 డిగ్రీలు దాటడం మనకు వార్త కాదు. కారులో అయితే వేడి మూడు దిక్కుల నుంచి వస్తుంది. ముందు నుంచి ఇంజను, కింద నుంచి సైలెన్సరు గొట్టం, పైనుంచి ఎండ.

మన పాత ఇళ్ల మట్టి మిద్దెలు తలచుకోండి. దూలాల మీద కట్టెలు, వాటి మీద మూరెడు మందాన మన్ను. మధ్యాహ్నపు ఎండ ఆ మన్ను దాటి లోపలికి దిగేసరికి సాయంత్రమయ్యేది. అక్కడ పని చేసింది మన్ను పేరు కాదు, దాని మందం. ఈ సూత్రం మర్చిపోయి, "ఒక్క కోటింగుతో ఏసీ అక్కర్లేదు" అనే ప్రకటనలు నమ్మితే డబ్బు దండుగ.

ఇప్పుడు దొరికే వేడి నిరోధక పూతల్లో చాలావాటిలో కంటికి కనబడనంత చిన్న బోలు గోళీలుంటాయి. పింగాణీ వంటి పదార్థంతో చేసినవి. వాటిలో చిక్కుకున్న గాలే అసలు సరుకు. ఎందుకంటే నిశ్చలంగా ఉన్న గాలితో పోలిస్తే ఉక్కు దాదాపు రెండు వేల రెట్లు ఎక్కువగా వేడిని దాటిస్తుంది. అయితే పూత మందం ఎంత? ఒక మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. ఆ పదార్థం దూదితో సమానమైన గుణం కలదనుకున్నా, ఒక మిల్లీమీటరు పూత ఒక మిల్లీమీటరు దూదితోనే సమానం. పది మిల్లీమీటర్ల పట్టీ దానికి పది రెట్లు. పూత వల్ల లాభం లేదనడం లేదు. పట్టీ పట్టని మూలల్లో, మడతల్లో అది పడుతుంది, రేకుకు నీళ్లు తగలనివ్వదు, వేడిని కొంత ఆపుతుంది. ఒంటరిగా మాత్రం పూర్తి పని చేయలేదు.

సైలెన్సరు గొట్టం సంగతి వేరు. అది కాగినప్పుడు నిప్పుల కుంపటిలా వేడిని విసురుతుంది. దానికి తగిన విరుగుడు మెరిసే రేకు. శక్తినగర్ థర్మల్ విద్యుత్కేంద్రంలో 1985 నుంచి కరెంటు తీస్తున్నారు కదా. అలాంటి కేంద్రాల్లో ఆవిరి గొట్టాలకు ఖనిజపు నారతో చేసిన దుప్పటి చుట్టి, దాని మీద అల్యూమినియం రేకు తొడుగుతారు. నార వేడిని దాటనివ్వదు, రేకు ఆ నారను కాచుకుంటుంది, పైగా మెరిసే లోహం వేడిని తక్కువగా విసురుతుంది. మా కారుకు గొట్టానికీ నేలకూ మధ్య అల్యూమినియం రేకు వేలాడదీశాం. నేలకు అతికించకుండా అర అంగుళం ఖాళీ వదిలాం. ఆ ఖాళీయే ముఖ్యం. మెరిసే రేకును నేలకు ఆనించి అతికిస్తే అది కూడా ఉక్కుతో చేయి కలిపి వేడిని పైకి పంపుతుంది.

కప్పుకు తెల్ల రంగే ఉంచాం. ఎండను వెనక్కి తిప్పికొట్టడంలో తెలుపును మించిన చవకైన మందు లేదు. అద్దాల్లోంచి వచ్చే ఎండను మాత్రం ఏ పూతా ఆపలేదు. దానికి వేపచెట్టు నీడే గతి.

పూత కింద దాగిన అప్పు

అసలు కథ నేల విప్పినప్పుడు మొదలైంది. చాలా ఏళ్ల కిందట ఒక షెడ్డులో కారు కిందిభాగానికి తారు పూత వేయించారు నాన్నగారు. పైకి నల్లగా, నున్నగా, నిక్షేపంలా ఉంది. మేస్త్రీ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. తుప్పును గీకకుండానే దాని మీద తారు పూశారు ఆ షెడ్డువారు. తారుకూ రేకుకూ మధ్య చేరిన తడి ఎటూ పోలేక, ఏళ్ల తరబడి రేకును తిన్నది. దానికి మన నల్లరేగడి మట్టి తోడైంది. వరిమళ్ల దారిలో తిరిగిన బండికి మడ్‌గార్డుల్లో పట్టిన రేగడి ఒక పట్టాన ఊడదు, ఒక పట్టాన ఆరదు.

అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. నేల, పక్క పెట్టెలు, గోడలు కలిసే బండి బరువు మోస్తాయి. కాబట్టి నేలలో తుప్పు అంటే అందానికి వచ్చిన లోటు కాదు, ప్రాణానికి వచ్చిన ముప్పు. ముందు సీటు కింద రెండు చోట్ల, వెనక తలుపు కింద ఒక చోట రేకు కోసి కొత్తది వేయాల్సి వచ్చింది. బ్యాంకు భాషలో చెప్పాలంటే, మొండిబకాయిని కొత్త అప్పుతో కప్పిపుచ్చిన ఖాతా అది. ఖాతా పుస్తకంలో బాగానే కనబడుతుంది, ఒకరోజు మాత్రం మొత్తం కూలుతుంది.

ఈ పని చేయించదలచినవారు ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. పూత తన కింద ఉన్నదాన్ని అలాగే ఉంచుతుంది. మంచి రేకును మంచిగానే ఉంచుతుంది, తుప్పును తుప్పుగానే పెంచుతుంది.

పని జరిగిన వరుస

మా పని డిసెంబరులో మొదలుపెట్టాం. వేసవిలో రేకు చేయి కాలేంత వేడిగా ఉంటుంది. పూత పైపొర వెంటనే ఆరిపోయి లోపలి తడి చిక్కుకుంటుంది. వానల్లో ఆరనే ఆరదు.

మొదట బ్యాటరీ తీగలు విప్పి, సీట్లు, తివాచీ, నారపట్టీ, లోపలి కప్పు గుడ్డ తీసేశారు. ఆ కాలపు బండ్ల ఇంజను గోడ పట్టీల్లో, బ్రేకు లైనింగుల్లో, సైలెన్సరు గాస్కెట్లలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉండే అవకాశం ఉంది. అందుకని వాటిని పొడిగా గీకడం, గాలితో ఊదడం చేయనివ్వలేదు. తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని తీశారు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలదు.

తర్వాత పాత తారు గీకడం. నాలుగు రోజులు పట్టింది. వెల్డింగు అంతా ఈ దశలోనే ముగించాలి. పూత వేశాక వెల్డింగు చేస్తే తారు గాని, నురుగు గాని అంటుకుంటుంది. ఆ పైన వైరు బ్రష్షు, ఎమరీ కాగితం, తుప్పు తీసే మందు, కడిగి ఆరబెట్టడం, రెండు చేతుల ఎపాక్సీ ప్రైమరు. అతుకుల్లో సీలెంటు. ఇంతవరకు జరిగితే పనిలో ముప్పాతిక వంతు అయినట్టే.

అప్పుడు పూత. తారు వద్దనుకున్నాం. మన ఎండకు అది మెత్తబడుతుంది, మూసి ఉన్న కారులో వాసన కొడుతుంది, కప్పు లోపలి వైపు వేస్తే జారే ప్రమాదమూ ఉంది. నీటితో కలిసే యాక్రిలిక్ రకం తెచ్చాం. అగ్ని భయం తక్కువ, ఘాటు తక్కువ. అయినా తలుపులన్నీ తెరిచి, గాలి ఆడేచోటే వేశారు. నేలకు, ఇంజను గోడకు మొదట అదురు తగ్గించే పూత, అది పూర్తిగా ఆరాక దాని మీద వేడి ఆపే పూత. మందంగా ఒకేసారి కాక, పలుచగా మూడు చేతులు. ఒక్కో చేతికి మధ్య ఒక రాత్రి గడువు. తలుపులకు, కప్పుకు నడుమ అతికించే బ్యూటైల్ రబ్బరు పట్టీలు. నేల మీద పూత ఆరాక నీళ్లు తాగని నురుగు పట్టీ, దాని మీద తివాచీ.

ఎక్కడ వేయాలో తెలియడం కంటే ఎక్కడ వేయకూడదో తెలియడం ముఖ్యం. తలుపుల అడుగున, పక్క పెట్టెల కింద నీళ్లు కారే రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే వాన నీళ్లు లోపలే నిలుస్తాయి. వాటిలో అగ్గిపుల్లలు గుచ్చి పూత వేశాక తీసేశారు. తలుపు లోపల దూది వంటి తడి పీల్చేవి పెట్టనివ్వలేదు, అద్దం మీది వాన నీరు తలుపు లోపలికే కారుతుంది గనుక. బోల్టు మరలు, బ్రేకు గొట్టాలు, హ్యాండ్‌బ్రేకు కేబులు, తిరిగే షాఫ్టు, ముందరి టార్షన్ బార్లు, సైలెన్సరు, వీటన్నిటికీ కాగితం చుట్టి దాచారు. ఛాసిస్ నంబరు పలక మీద చుక్క పడనివ్వలేదు. దాని మీద పూత పడితే రేపు ఇన్‌స్పెక్షన్‌లో సమాధానం చెప్పుకోవాలి.

లాభనష్టాల పట్టిక

పనికి ముందు, తర్వాత, అదే ఫోను అదే చోట పెట్టి, మాన్వి రోడ్డు మీద అదే 50 కిలోమీటర్ల వేగంతో కొలిచాను. ముందు 80 దగ్గర ఆడిన ముల్లు తర్వాత 73 దగ్గర నిలిచింది. ఫోను కొలత ఆడిట్‌కు నిలిచేది కాదు గాని, తేడా తెలుసుకోవడానికి చాలు. గంటసేపు నడిపాక సైలెన్సరు పైన నేల వేడి ముందు 60 డిగ్రీలు దాటేది, ఇప్పుడు 44. బండి బరువు ఇరవై రెండు కిలోలు పెరిగింది. ఒక చిన్న పిల్లవాడు అదనంగా ఎక్కినట్టు.

ఇందులో పూత వాటా ఎంత అని అడిగితే, నిజాయతీగా చెప్పాలి, అన్నిటికంటే ఎక్కువ కాదు. మోత తగ్గడంలో తలుపు రబ్బర్లది, రంధ్రాల బిళ్లలది పెద్ద వాటా అని దశలవారీగా కొలిచినప్పుడు తెలిసింది. కాళ్ల దగ్గర వేడి తగ్గడంలో కింద వేలాడదీసిన రేకు ముందుంది. పూత మూడోది. కానీ అదురు తగ్గించి, 'టంగు'మనే తలుపును 'దబ్బు'మనిపించింది మాత్రం అదే. ఖర్చులో నూటికి యాభై అయిదు రూపాయలు తుప్పు తీయడానికి, వెల్డింగుకే పోయాయి. పూత సరుకు ఇరవై, కూలి పదిహేను, రబ్బర్లు పది. తక్కువ ఖర్చు పెట్టినచోట ఎక్కువ ఫలితం రావడం బ్యాంకులో అరుదు, ఇక్కడ మాత్రం ఆ పది రూపాయలే అలా చేశాయి.

ఇంజను చప్పుడు పూర్తిగా పోలేదు. పోవాలని మేమూ కోరలేదు. గేరు మార్చే వేళ తెలిసేది ఆ గొంతు వల్లే. బ్రేకు కీచుమంటే, సైలెన్సరు పగిలితే వినబడాలి కదా.

ఉగాది తర్వాతి గురువారం అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టుకుని మంత్రాలయం బయలుదేరాం. తుంగభద్ర వంతెన దాటేవరకు ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెనక కూర్చున్న నా భార్య, పెద్దగా అరవకుండానే, "అత్తయ్యా, మంచినీళ్లు ఇవ్వనా?" అంది.

అమ్మ వెనక్కి తిరిగి, "వద్దమ్మా. నువ్వు తాగావా?" అంది.

ఆ తర్వాత దారి పొడవునా ఈ కారులో ఎవరెవరు ఆసుపత్రికి వెళ్లారో, ఎవరి కాన్పు దారిలోనే అయిందో, నాన్నగారు ఎన్నిసార్లు పెట్రోలు డబ్బు తీసుకోలేదో చెబుతూనే ఉంది. వాటిలో సగం సంగతులు నేను అంతవరకు వినలేదు. మా తమ్ముడు తూకం మాట మళ్లీ ఎత్తలేదు.

మన సభ్యుల ఇళ్లలో ఇలాంటి బండ్లు ఇంకా ఉన్నాయని తెలుసు. బాగు చేయించాలనుకుంటే రంగుల కార్డు చేతికి తీసుకునే ముందు ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు, ఒక చలానా కాగితం పట్టుకుని బండి దగ్గరికి వెళ్లండి. నేల పొడిచి చూడండి, సందులు వెతకండి, తలుపులు పరీక్షించండి. రేకు గట్టిదైతే ముందు రబ్బర్లు, తర్వాత పూత, చివర రంగు. రేకు గట్టిది కాకపోతే పూత మాట తలపెట్టవద్దు, ముందు వెల్డింగు చేయించండి. పని మొదలుపెట్టడానికి కార్తీక మాసం నుంచి సంక్రాంతి వరకు మంచి అదను. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మాత్రం మరో వేసవి దాకా వాయిదా వేయకండి.